ఆ ఒక్క అనొటేషన్‌కు జవాబుదారీ ఎవరు?

ప్రజాసేవల పోర్టళ్లకు, యాప్‌లకు నమూనా గీసి, కోడ్‌కు ఆమోదముద్ర వేసే గౌరవనీయులైన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులకు, టెక్నికల్ లీడ్లకు, వారి పనిని స్వీకరించే ప్రభుత్వ ఐటీ అధికారులకు,



మీ బృందాల్లో ఒక నియమం పాతుకుపోయింది. లోడ్ టెస్టులో నెమ్మదించిన ప్రతి రీడ్ మెథడ్ మీదా, దాని ఫలితాన్ని దాచి మళ్లీ అదే ఇచ్చే ‘క్యాషబుల్’ అనొటేషన్ పెట్టెయ్యండి, బిజినెస్ లాజిక్‌లో ఒక్క అక్షరమూ మారలేదు కాబట్టి వేరే రివ్యూ అక్కర్లేదు అన్నది ఆ నియమం. కొన్నిచోట్ల అది నోటిమాటగా నడుస్తోంది, కొన్నిచోట్ల గో-లైవ్ చెక్‌లిస్టులోకే ఎక్కింది. సర్వర్ వైపు కోడ్ రాసి బతికే ఇంజినీరుగా, ఆ కోడ్ చెప్పే జవాబుల మీద ఆధారపడే పౌరుడిగా ఈ నియమాన్ని నేను అంగీకరించలేను. మీరు దాన్ని వెనక్కి తీసుకోవాలని అడగడానికే ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను.

లాజిక్ మారలేదని ఎలా అంటున్నారు? నిన్నటిదాకా ఆ మెథడ్ ‘ఈ సర్వే నంబరు మీద ఇప్పుడు ఏముంది?’ అని డేటాబేసును అడిగి చెప్పేది. అనొటేషన్ పెట్టిన క్షణం నుంచి ‘ఇంతకుముందు ఎవరో అడిగినప్పుడు ఏముంది?’ అన్నదానికి జవాబు చెబుతోంది. అడిగే ప్రశ్నే మారిపోయిన తర్వాత లాజిక్ మారలేదనడం ఏ రకం సమీక్ష? తహసీల్దారు కార్యాలయం ఇచ్చే పహాణీ నకలు మీద తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. అది ఏ రోజు నాటి సంగతో చేతిలో పట్టుకున్నవారికి తెలుస్తుంది. మీ క్యాష్ ఇచ్చేది తేదీ లేని నకలు. దాన్ని అసలు రికార్డన్నట్టుగా తెర మీద చూపిస్తున్నారు.

అసలు కోడ్‌ను తాకకుండా బయటి నుంచి పనులను జోడించే ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ ఈ పద్ధతికి అండగా ఉందని మీరంటారు. ఆ అండ ఎంతవరకు ఉందో మూలంలోకి వెళ్లి చూడండి. 1997లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో గ్రెగర్ కిచాలెస్, ఆయన సహచరులు ఈ ఆలోచనకు పేరు పెట్టి పరిశోధన పత్రం ప్రకటించారు. అందులో ఇమేజ్ ప్రాసెసింగ్ ప్రోగ్రాం ఒకటి ఉదాహరణగా ఉంది. సూటిగా రాస్తే అది 768 లైన్లు. వేగం కోసం లూపులను కలిపి, మధ్యలో వచ్చే ఫలితాలను దాచుకునే ఏర్పాటు చేస్తే 35,213 లైన్లకు పెరిగి చిక్కుపడిపోయింది. ఆ పనులను ఆస్పెక్టులుగా విడదీసి రాస్తే 1,039 లైన్లలో ఇమిడింది. అంటే ఫలితాలను దాచుకోవడమన్నది ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. ఆ గొప్పతనాన్ని నేను కాదనను.

అయితే అక్కడ దాచింది ఏమిటి? బొమ్మలోని చుక్కల లెక్క. అదే బొమ్మ మీద అదే ఫిల్టరు ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం వస్తుంది. ఆ ఫలితానికి యజమాని లేడు, గడువు లేదు. 1968లో డొనాల్డ్ మిచీ నేచర్ పత్రికలో ‘మెమో ఫంక్షన్ల’ గురించి రాసినప్పుడు కూడా ఇచ్చిన విలువను బట్టే ఫలితం తేలిపోయే ఫంక్షన్ల గురించే మాట్లాడారు. మరి మీరు దాస్తున్నవేమిటి? ఒక వృద్ధురాలి పింఛను మంజూరైందా లేదా, ఒక రైతు పొలం ఎవరి పేరున ఉంది, ఒక విద్యార్థి ఫీజు రీయింబర్స్‌మెంటు ఏ దశలో ఉంది. వీటికి యజమానులున్నారు. ఇవి ఏ క్షణమైనా మారతాయి. చుక్కల లెక్కకు సరిపోయిన పద్ధతిని మనుషుల హక్కుల మీద యథాతథంగా పరిచే అధికారం మీకు ఎవరిచ్చారు?

2011 డిసెంబరులో వచ్చిన జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ 3.1 ఈ పనిని ఒక్క అనొటేషన్‌కు కుదించింది. అమీర్‌పేట శిక్షణ తరగతుల్లో జావా నేర్చుకుని వచ్చిన కుర్రవాడు కూడా అరనిమిషంలో రాసేయగలడు. రాయడం తేలికైనంత మాత్రాన నిర్ణయం తేలికవుతుందా? ఆ అనొటేషన్ వెనక ఏం జరుగుతుందో మీకు తెలుసు. తెలిసినవారే రివ్యూ అక్కర్లేదనడమే నా బాధ. అందుకే కొన్ని సంగతులు మీ ముందే మళ్లీ పెడుతున్నాను.

మొదటిది కీ. దాచిన ఫలితాన్ని తిరిగి వెతికే కీని స్ప్రింగ్ మెథడ్‌కు వచ్చిన పారామీటర్ల నుంచి తయారు చేస్తుంది. పారామీటర్లే లేకపోతే అందరికీ ఒకే ఖాళీ కీ. ఇప్పుడు ‘నా వివరాలు చూపించు’ అనే మెథడ్‌ను తలచుకోండి. లాగిన్ అయినది ఎవరన్నది అది పారామీటరుగా తీసుకోదు, సెక్యూరిటీ కాంటెక్స్ట్‌లోంచి, అంటే ఆ థ్రెడ్‌కు కట్టి ఉన్న సమాచారంలోంచి చదువుకుంటుంది. దాని మీద క్యాషబుల్ పెడితే ఏమవుతుంది? పొద్దున్నే మొదట లాగిన్ అయిన మనిషి వివరాలు ఖాళీ కీ కింద నిలుస్తాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మొదటి మనిషి పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా కనిపిస్తాయి. ఎర్రర్ రాదు. లాగ్‌లో హెచ్చరిక ఉండదు. డాష్‌బోర్డులో మాత్రం స్పందన వేగం అద్భుతంగా కనిపిస్తుంది. దాన్ని చూసి సంతోషిస్తారా?

అంతటితో అయిపోలేదు. అలా తయారైన కీలో మెథడ్ పేరు ఉండదు. ఒకే క్యాష్ పేరును రెండు మెథడ్లు పంచుకుంటే, రెండింటికీ ఒకే దరఖాస్తు నంబరు వెళ్తే, ఒకదాని జవాబు ఇంకొకదానికి దక్కుతుంది. స్ప్రింగ్ 4.0కు ముందు సంగతి ఇంకా ఘోరం. ఒకటికి మించి పారామీటర్లు ఉంటే వాటి హ్యాష్ విలువలను మాత్రమే చూసి కీ కట్టేది. వేర్వేరు పారామీటర్లు ఒకే కీలో పడే ప్రమాదం ఉందని గుర్తించాకే ఆ పద్ధతిని మార్చారు. ఫ్రేమ్‌వర్క్ తయారుచేసినవారే తమ డిఫాల్టును దిద్దుకున్నారు. మీరు మాత్రం డిఫాల్టు మీద ప్రశ్నే వేయరాదని నియమం పెడతారా?

రెండవది అనుమతి. క్యాష్‌లో జవాబు దొరికినప్పుడు మెథడ్ లోపలి కోడ్ నడవదు. ‘ఈ అధికారికి ఈ మండలం రికార్డు చూసే హక్కు ఉందా?’ అన్న తనిఖీ ఆ మెథడ్ లోపల ఉంటే అదీ నడవదు. ఎవరు ఎవరి రికార్డు చూశారో రాసిపెట్టే ఆడిట్ లాగ్ లోపల ఉంటే అదీ రాయబడదు. భద్రత కూడా ఆస్పెక్టుగానే ఉందని మీరు చెప్పవచ్చు. అప్పుడు రెండు ఆస్పెక్టుల్లో ఏది బయట ఉంది, ఏది లోపల ఉంది అన్నదాని మీద ఒక పౌరుడి గోప్యత ఆధారపడి ఉంటుంది. ఆ వరుసను మీరు స్పష్టంగా నిర్దేశించారా? అది తప్పితే విఫలమయ్యే టెస్టు మీ దగ్గర ఉందా? ఉంటే ఆ చెక్‌లిస్టులో దాని ప్రస్తావన ఎందుకు లేదు?

మూడవది చెరిపివేత. దాచడం ఒక్క చోట జరుగుతుంది, మార్పు వంద దారుల్లో వస్తుంది. దాచినదాన్ని చెరిపే ‘క్యాష్‌ఎవిక్ట్’ పెట్టాం కదా అంటారు. స్ప్రింగ్ ఈ పనిని మామూలుగా ప్రాక్సీ ద్వారా, అంటే అసలు ఆబ్జెక్టు ముందు నిలిచే మధ్యవర్తి ద్వారా చేస్తుంది. బయటి నుంచి వచ్చే పిలుపును మాత్రమే ప్రాక్సీ పట్టుకోగలదు. అదే క్లాసులోని ఒక మెథడ్ తన పక్క మెథడ్‌ను నేరుగా పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీని తాకదు. చెరపాల్సిన పాత జవాబు చెరగకుండానే ఉండిపోతుంది. యూనిట్ టెస్టులో ఆబ్జెక్టును నేరుగా సృష్టించి పరీక్షిస్తారు కాబట్టి అక్కడ ప్రాక్సీ ఉండదు, క్యాష్ ఉండదు, లోపమూ కనిపించదు. టెస్టులన్నీ ఆకుపచ్చగా వెలుగుతుంటే అసలు సర్వరులో పాత సమాచారం రాజ్యమేలుతుంది.

జావా కోడ్ దాటి వచ్చే మార్పుల మాటేమిటి? రాత్రి నడిచే బ్యాచ్ జాబులు, స్టోర్డ్ ప్రొసీజర్లు, పక్క శాఖ అప్లికేషన్ అదే పట్టికలో చేసే నమోదు, తప్పు దిద్దడానికి డేటాబేసు నిర్వాహకుడు నడిపే స్క్రిప్టు... వీటిలో ఒక్కటీ మీ ఆస్పెక్టు కంట పడదు. ప్రభుత్వ వ్యవస్థల్లో సమాచారం మారేది ఎక్కువగా ఇలాంటి దారుల్లోనే అని మీకంటే బాగా ఎవరికి తెలుసు? పైగా క్యాష్ ప్రతి సర్వరు మెమరీలో విడివిడిగా ఉంటే, ఒక సర్వరులో చెరిపింది మిగతా సర్వర్లలో అలాగే ఉంటుంది. వేరే లైబ్రరీ ఏదీ పెట్టనప్పుడు స్ప్రింగ్ బూట్ వాడే మామూలు మ్యాపుకు గడువన్నదే లేదు. దాన్ని ప్రొడక్షన్‌కు సిఫారసు చేయబోమని స్ప్రింగ్ బూట్ డాక్యుమెంటేషనే చెబుతోంది. సర్వర్లన్నీ పంచుకునే రెడిస్ పెట్టాం కదా అంటారేమో, అక్కడ కూడా మీరు గడువు చెప్పకపోతే డిఫాల్టుగా అది శాశ్వతమే. విడివిడి క్యాష్‌లున్న చోట ఒకే మనిషి ఒకే పేజీని రెండుసార్లు తెరిస్తే లోడ్ బ్యాలెన్సరు పంపిన సర్వరును బట్టి ‘మంజూరు’ అని ఒకసారి, ‘తిరస్కరణ’ అని ఒకసారి కనిపించవచ్చు. ఆ మనిషి ఏది నమ్మాలి?

ఇప్పుడు ఈ మూడవ లోపాన్ని ఒక కుటుంబం మీద పెట్టి ఆలోచించండి. ఒక ఇంటి స్థలం మీద ఉదయం బ్యాంకు తాకట్టు నమోదైంది. మధ్యాహ్నం కొనుగోలుదారు ఈసీ (ఆస్తి మీద ఉన్న భారాల ధ్రువపత్రం) వెతుకుతాడు. అంతకుముందు రోజు ఎవరో చూసిన జవాబు క్యాష్‌లో ఉంది, ‘ఎలాంటి భారం లేదు’ అని వస్తుంది. ఆ తెరను నమ్మి అతను అడ్వాన్సు చెల్లిస్తాడు. రేపు కోర్టులో నిలబడేది అతను. అమ్మినవాడిని అడుగుతారు, రిజిస్ట్రేషన్ సిబ్బందిని అడుగుతారు, బ్యాంకును అడుగుతారు. ఆ అనొటేషన్ పెట్టమన్న మిమ్మల్ని ఎవరైనా అడుగుతారా? మీ పేరు ఏ కాగితం మీదా లేదు. ఉండకుండా చూసుకున్నది ఆ నియమమే.

ఇదంతా ఊహ అనుకోకండి. క్యాష్ తప్పితే ఒకరి సమాచారం ఇంకొకరికి చేరడం లోకం చూసినదే. 2015 డిసెంబరు 25న స్టీమ్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటల దుకాణంలో సర్వర్ల మీద దాడిని తట్టుకోవడానికి హడావిడిగా మార్చిన క్యాషింగ్ అమరిక వికటించింది. దాదాపు 34,000 మంది ఖాతాదారుల వివరాలున్న పేజీలు వేరేవారికి కనిపించి ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. 2023 మార్చి 20న చాట్‌జీపీటీ వాడేవారికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించాయి. ఖాతాదారుల సమాచారాన్ని దాచుకునే రెడిస్‌తో మాట్లాడే లైబ్రరీలోని లోపం దానికి కారణం. ఈ రెండూ మెథడ్ స్థాయిలో జరిగినవి కావు, వెబ్ పేజీల దగ్గర ఒకటి, కనెక్షన్ల దగ్గర ఒకటి జరిగాయి. కానీ దాచిన సమాచారం ఎవరిది అన్న ప్రశ్నను వ్యవస్థ వేసుకోలేకపోతే ఏమవుతుందో రెండూ చూపించాయి. ప్రపంచ స్థాయి ఇంజినీర్లున్న సంస్థలకే తప్పనిది, రివ్యూ వద్దని నియమం పెట్టుకున్న మీకు తప్పుతుందా?

చట్టం సంగతీ గుర్తుచేయాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలుకు వస్తున్నాయి. అనుకోకుండా జరిగిన వెల్లడిని కూడా ఆ చట్టం డేటా ఉల్లంఘనగానే చూస్తుంది. సమాచారాన్ని కాపాడే తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలుంది. ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి అతని సమాచారాన్ని వాడేటప్పుడు అది సంపూర్ణంగా, కచ్చితంగా ఉండేలా చూసే బాధ్యతను కూడా చట్టం పెట్టింది. పింఛను అర్హత నిర్ణయించే మెథడ్ నిన్నటి ఆదాయ వివరాలను క్యాష్‌లోంచి తీసుకుంటే అది కచ్చితమైన సమాచారమా? ఈ ప్రశ్న మీ న్యాయ విభాగానికి ఎప్పుడైనా పంపారా?

మీ వాదన నాకు తెలియనిది కాదు. ఫలితాలు విడుదలైన గంటలో లక్షల మంది ఒక్కసారిగా వస్తారు, క్యాష్ లేకపోతే డేటాబేసు కూలుతుంది, కూలిన పోర్టల్ ఎవరికీ సేవ చేయలేదు అంటారు. నిజం. పరీక్షా ఫలితాలు క్యాష్ చేయడానికి చక్కగా సరిపోతాయి కూడా. ప్రకటించాక హాల్‌టికెట్ నంబరుకు ఒకే జవాబు ఉంటుంది, రీవెరిఫికేషన్‌లో మారితే ఎప్పుడు మారిందో బోర్డుకు తెలుస్తుంది. అక్కడ మీరు ఆలోచించి పెట్టిన క్యాష్‌ను నేను మెచ్చుకుంటాను. కానీ అదే రద్దీ భయంతో, ప్రవేశాల కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల సమయంలో మిగిలిన సీట్ల సంఖ్య చెప్పే మెథడ్ మీద కూడా అదే అనొటేషన్ పెడితే, లేని సీటును ఉన్నట్టు చూసి ఒక పిల్ల తన ప్రాధాన్య క్రమం మార్చుకుంటుంది. రెండూ రీడ్ మెథడ్లే. లోడ్ టెస్టుకు రెండూ ఒకటే. పిల్ల జీవితానికి ఒకటేనా?

‘మరీ మారని సమాచారమే దాస్తున్నాం, జిల్లాల జాబితా లాంటివి’ అని కొందరంటారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మారదనుకున్న జాబితా ఒక ఉదయం మారింది. ఇలాంటివి క్యాష్ చేయకూడదని నేననను. మారినప్పుడు ఎవరు చెరపాలి, ఎలా చెరపాలి అన్నది ముందే రాసి ఉంటే చాలు. మీ నియమం ఆ ఒక్క వాక్యం రాసే అవసరాన్నే తీసేసింది.

క్యాష్ మీద అతిగా ఆనుకుంటే రద్దీ నుంచి రక్షణ కూడా దక్కదు. 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ దాదాపు రెండున్నర గంటలు స్తంభించింది. ఒక తప్పు విలువ కారణంగా సర్వర్లన్నీ క్యాష్‌ను చెరిపి డేటాబేసు మీద ఒక్కసారిగా పడ్డాయి, ఆ వరద ఆగడానికి సైటునే ఆపాల్సి వచ్చింది. గడువు తీరిన క్షణంలో వందల థ్రెడ్లు ఒకే ప్రశ్నతో డేటాబేసుకు పరుగెత్తకుండా ఆపడానికి స్ప్రింగ్ 4.3లో ‘సింక్’ అనే సదుపాయం వచ్చింది. మీ చెక్‌లిస్టు పాటించే బృందాల్లో ఎంతమంది దాన్ని వాడుతున్నారు? నెమ్మదైన క్వెరీకి ఇండెక్సు ఉందో లేదో చూడకుండా దాని మీద క్యాష్ కప్పడం జబ్బును దాచడమే. క్యాష్ ఖాళీ అయిన రోజు ఆ జబ్బు ఒకేసారి బయటపడుతుంది.

కాబట్టి మిమ్మల్ని కోరుతున్నవి ఇవి.

రివ్యూ అక్కర్లేదన్న నియమాన్ని రద్దు చేయండి. క్యాషబుల్ పెట్టిన ప్రతి మార్పునూ బిజినెస్ లాజిక్ మార్పుగానే సమీక్షించండి.

ఏ సమాచారం ఎంత పాతదైనా ఫరవాలేదన్నది మీరు నిర్ణయించకండి. ఆ సమాచారానికి బాధ్యత వహించే శాఖను అడగండి. జిల్లాల జాబితాకు ఒక రోజు, సేవా రుసుములకు ఒక గంట, తాకట్టు వివరాలకు ఒక్క క్షణం కూడా కుదరదు అని వాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ గడువు కాన్ఫిగరేషన్‌లో కనిపించాలి, పక్కన శాఖ ఆమోదం ఉండాలి.

వ్యక్తిగత సమాచారం ఇచ్చే మెథడ్లలో డిఫాల్టు కీని నిషేధించండి. మనిషి గుర్తింపు కీలో స్పష్టంగా ఉండాలి. థ్రెడ్ నుంచి గుర్తింపు చదువుకునే మెథడ్‌ను క్యాష్ చేయనేకూడదు. ఈ నిబంధన మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడకుండా బిల్డ్‌లోనే తనిఖీ జరిగేలా చూడండి.

భద్రత ముందు, క్యాష్ తర్వాత అన్న వరుసను టెస్టుతో బిగించండి. ఇద్దరు వేర్వేరు వినియోగదారులతో, కనీసం రెండు సర్వర్లతో, ప్రాక్సీలన్నీ పనిచేసే పూర్తి అప్లికేషన్ మీద ఆ టెస్టులు నడవాలి. సమాచారాన్ని మార్చే దారులన్నింటినీ, బ్యాచ్ జాబులతో సహా, జాబితా రాసి, ప్రతి దానికీ చెరిపివేత ఎలా జరుగుతుందో చూపండి.

డబ్బు, భూమి, అర్హత, సీటు తేలే చివరి మెట్టు దగ్గర ఎప్పుడూ అసలు డేటాబేసునే అడగండి. మిగతా చోట్ల క్యాష్ నుంచి చూపిస్తుంటే ‘ఈ వివరాలు ఫలానా సమయానివి’ అని తెర మీద తెలుగులో రాయండి. పౌరుడికి తెలిసే హక్కు ఉంది.

ఇవి పాటిస్తే కొంత వేగం తగ్గుతుంది, కొంత ఖర్చు పెరుగుతుంది, కొన్ని గో-లైవ్ తేదీలు వెనక్కి వెళ్తాయి. ఆ భారం మీరు మోయకపోతే అది మాయమైపోదు. కంప్యూటర్ చెప్పిందే వేదమని నమ్మి, కౌంటరు ముందు నిలబడి, ‘ఇందులో ఇలాగే ఉందమ్మా’ అన్న మాట విని వెనుదిరిగే మనిషి మీద పడుతుంది. ఆమెకు ప్రాక్సీ తెలియదు, కీ తెలియదు. వాటిని తెలుసుకునే పనికి జీతం తీసుకుంటున్నది మనం.

మీ తదుపరి డిజైన్ సమీక్షలో, ఇప్పటికే నడుస్తున్న కోడ్‌లోని ప్రతి క్యాషబుల్‌ను తెర మీద పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి సమాచారం? ఎంత పాతదైతే తప్పవుతుంది? తప్పయితే ఎవరు జవాబు చెబుతారు? మూడింటికీ జవాబు రాసి, కింద పేరు పెట్టి సంతకం చేసే మనిషి దొరికితే ఆ అనొటేషన్‌ను ఉంచండి. దొరకకపోతే అదే రోజు తీసేయండి.

ఇట్లు,
మీ వృత్తిలోనే ఉన్న
ఒక జావా ఇంజినీరు,
హైదరాబాద్